ఇద్దరు బేరగాళ్ళున్న రేవు

1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో ఇంగ్లండు, ఫ్రాన్సు, స్పెయిన్ రాజుల దూతలు ఒక సంధిపత్రం మీద సంతకాలు పెట్టారు. ఏడేళ్ళ యుద్ధం దానితో ముగిసింది. కెనడా ఎవరికి, ఫ్లోరిడా ఎవరికి, క్యూబా ఎవరికి అని ప్రపంచాన్ని పంచుకున్న ఆ పత్రంలో పదకొండో అంశం మన గురించి. దక్కను సుబేదారు సలాబత్ జంగ్ అనీ, కర్ణాటక నవాబు మహమ్మద్ అలీ అనీ ఇద్దరం ఒప్పుకుంటున్నామని ఇంగ్లండూ ఫ్రాన్సూ అందులో రాసుకున్నాయి. ఆ సిరా ఆరే నాటికి సలాబత్ జంగ్ సుబేదారు కాడు. తమ్ముడు నిజాం అలీ ఖాన్ అతన్ని అంతకుముందే గద్దె దించి బీదరు కోటలో ఖైదు చేశాడు. ఆ ఏడాది గడవకముందే సలాబత్ జంగ్ ఆ ఖైదులోనే చనిపోయాడు.

బందరు కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్ళూ ఈ అంశం దగ్గర పాఠం ఆపి, పిల్లల్ని ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. కృష్ణా గోదావరి మండలాల తలరాత ఎక్కడ మారింది? బొబ్బిలిలోనా, చందుర్తిలోనా, బందరు కోట గోడ మీదా, పారిస్ బల్ల మీదా? ఎక్కువమంది యుద్ధాల పేర్లే చెప్పేవారు. యుద్ధాలకు కథలున్నాయి, బుర్రకథలున్నాయి. ఒప్పందాలకు అవి లేవు. కానీ పెద్ద రాజ్యాలు కొట్టుకున్న రోజులూ చెయ్యి కలిపిన రోజులూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ రేవు చరిత్ర అర్థమవుతుంది. నేనలా చూడటానికి కారణం నేను పుట్టిన ఇల్లు.

మాది పెడన. అద్దకం కుటుంబం. మా నాన్న అచ్చు దిమ్మె పట్టి బల్ల ముందు నిలబడి జీవితమంతా గడిపాడు. ఆయనకు తెలిసిన రాజకీయం ఒకటే: ఇద్దరు షావుకార్లు గుమ్మంలో నిలబడ్డ రోజున గుడ్డకు ధర పలుకుతుంది, ఒక్కడే వచ్చిన రోజున వాడు చెప్పిందే ధర. బందరు అని పిలుచుకునే మచిలీపట్నం నాలుగు వందల ఏళ్ళ చరిత్రలో నేను చదివినదంతా ఈ మాటకు వ్యాఖ్యానంలాగే కనబడింది. ఒక్క షరతు మాత్రం నాన్న చెప్పలేదు, చరిత్ర చెప్పింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

డచ్చివాళ్ళు 1605లో మచిలీపట్నంలో కోఠీ తెరిచారు, మరుసటి ఏడు నిజాంపట్నంలో. వాళ్ళు వచ్చింది మన గుడ్డ కోసం, ఆ గుడ్డను తమ దేశం తీసుకుపోవడం కోసం మాత్రం కాదు. జాజికాయ, లవంగం, మిరియం పండే తూర్పు ద్వీపాల్లో జనం వెండి కంటే కోరమాండల్ గుడ్డను ఎక్కువ ఇష్టపడేవారు. ఇక్కడి అద్దకం గుడ్డ అక్కడ డబ్బులా చెల్లేది. నిజాంపట్నం చుట్టుపక్కల ఇసుక నేలల్లో దొరికే చిరివేరు ఇచ్చే ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. యూరపులో మిరియాల మీద లాభం తీయాలంటే ముందు కృష్ణ ఒడ్డున నేతగాడి ఇంటికీ అద్దకంవాడి ఇంటికీ రావాలి. ఆమ్‌స్టర్‌డామ్, లండన్ నగరాల పోటీ మా వీధుల్లోకి వచ్చిన దారి ఇది.

1611లో ఇంగ్లీషు కుంపెనీ ఓడ 'గ్లోబ్' కోరమాండల్ తీరానికి వచ్చింది. కెప్టెన్ పేరు ఆంథొనీ హిప్పన్. ఓడలో వ్యాపారం చూసిన ముఖ్యుడు పీటర్ ఫ్లోరిస్. ఇతను డచ్చివాడు, ఒకప్పుడు డచ్చి కుంపెనీ కొలువులో పనిచేసినవాడు. పాత యజమానుల రహస్యాలతో కొత్త యజమాని ఓడెక్కాడు. ముందుగా పులికాట్‌లో దిగితే అక్కడ డచ్చివాళ్ళు అడ్డుకున్నారు. ఈ చోట వ్యాపారం చేసే హక్కు మాకొక్కరికే విజయనగర రాజు ఇచ్చాడని చెప్పి తిప్పి పంపారు. ఓడ ఉత్తరానికి తిరిగి నిజాంపట్నం, మచిలీపట్నం చేరింది. ఇక్కడ గోల్కొండ సుల్తాను అధికారులు రానిచ్చారు. రేవుకు సుంకం కట్టేవాడు ఇంకొకడు వచ్చాడంటే ఖజానాకు లాభమే కదా. తర్వాతి కాలంలో డేనులు వచ్చారు. 1669లో ఇస్ఫహాను నుంచి వచ్చిన ఆర్మీనియా వర్తకుడు మార్కారా గోల్కొండ ఫర్మానా సంపాదించి ఫ్రెంచివారికి మచిలీపట్నంలో కోఠీ పెట్టించాడు. బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట ఇప్పటికీ ఉన్నాయి. ఒకే ఊళ్ళో, ఒకే సుల్తాను నీడలో, యూరపులో ఒకరినొకరు చంపుకుంటున్న జాతులు పక్కపక్క పేటల్లో వ్యాపారం చేసుకున్నాయి.

ఆ శతాబ్దపు తొలి పాతికేళ్ళలోనే రెండు కుంపెనీలు చెయ్యి కలిపిన ఘట్టం ఒకటుంది. విద్యార్థులు దీన్ని తరచు దాటేస్తారు. 1619లో లండన్‌లో డచ్చి, ఇంగ్లీషు కుంపెనీలు ఒడంబడిక చేసుకున్నాయి. మొలుక్కా సుగంధ ద్రవ్యాల్లో మూడో వంతు ఇంగ్లీషువాళ్ళకు, జావా మిరియంలో సగం. చెరి పది ఓడలు కలిపి ఉమ్మడి రక్షణ దళం. పులికాట్ కోట ఖర్చులో సగం ఇంగ్లీషువాళ్ళు భరించాలి, అక్కడి వ్యాపారంలో భాగం పొందాలి. చదవడానికి శాంతిపత్రంలాగే ఉంటుంది. అద్దకంవాడి కొడుకుగా నాకు అందులో మొదట కనబడింది వేరు. ఇకమీదట ఒకరి మీద ఒకరు పాట పెంచుకుని కొనే ధర పెరగనివ్వకూడదన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. అమ్మేవాళ్ళ తరఫున ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు.

ఆ పొత్తు నాలుగేళ్ళు కూడా సరిగ్గా నిలవలేదు. 1623లో అంబోయినా ద్వీపంలో డచ్చివాళ్ళు కుట్ర ఆరోపణ మోపి పదిమంది ఇంగ్లీషువాళ్ళకు మరణశిక్ష అమలు చేశారు. పులికాట్ నుంచి ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయారు. మచిలీపట్నంలో స్థానిక అధికారితో తగాదాపడి, 1628లో దుగరాజపట్నం దగ్గర ఆర్మగావ్‌కు మారారు. రెండేళ్ళు తిరక్కుండానే వెనక్కి వచ్చారు. కోట కట్టుకోగలిగారు గానీ గుడ్డ అక్కడ లేదు, ఇక్కడుంది. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా వాళ్ళకు బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 పగోడాలు సుంకం కట్టి గోల్కొండ రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చని దాని సారాంశం. ఇచ్చేది సుల్తాను, తీసుకునేది కుంపెనీ. చేతులు ఎవరివి పైన, ఎవరివి కింద అన్నది ఆ కాగితంలో స్పష్టంగా ఉంది.

నాన్న చెప్పని షరతు ఇదే. గోల్కొండ సుల్తానులు మచిలీపట్నంలో విదేశీయుల్ని కోఠీలు కట్టుకోనిచ్చారు, కోటలు కట్టుకోనివ్వలేదు. డచ్చివాళ్ళు పులికాట్‌లో, ఇంగ్లీషువాళ్ళు 1639 తర్వాత చెన్నపట్నంలో కోటలు కట్టుకోగలిగారంటే ఆ నేలలు గోల్కొండ చేతిలో లేకపోవడమే కారణం. అక్కడ చిన్న నాయకులు, బలం తగ్గిన రాజులు ఉన్నారు. బందరులో బేరగాళ్ళందరి మీదా ఒక యజమాని ఉన్నాడు. వాళ్ళు తగాదాపడితే తీర్చేవాడు, ధర తొక్కితే ఇంకో బేరగాణ్ణి పిలవగలిగేవాడు. పెద్ద రాజ్యాల పోటీ ఈ నేలకు మేలు చేసిందంటే ఆ అరవై డెబ్భై ఏళ్ళలోనే, ఈ కారణంగానే. గోల్కొండ ప్రజలను పీడించలేదని నేననను. రేవుల ఇజారాదారులు నేతగాళ్ళ నుంచి పిండినదెంతో ఆ కాలపు వర్తకుల రాతల్లోనే ఉంది. కానీ సముద్రం మీంచి వచ్చిన ఏ ఒక్క జాతీ ఈ తీరానికి తానే ధర కట్టగలిగే స్థితిలో లేదు.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళకు ఔరంగజేబు పోయాడు. ఆ తర్వాత దక్కనును ఏలిన అసఫ్ జాహీలకు తీరం మీద పట్టు నామమాత్రమే. పోటీ అదే, పోటీదారులూ ఇంచుమించు వాళ్ళే. మధ్యలో నిలబడ్డ గొడుగు మాత్రం చిరిగింది.

1746లో ఫ్రెంచివాళ్ళు చెన్నపట్నాన్ని పట్టుకున్నారు. ఆ యుద్ధానికి మూలం ఆస్ట్రియా సింహాసనం ఎవరిదన్న వివాదం. 1748లో ఎక్స్-లా-షపెల్ సంధిలో ఇంగ్లండు చెన్నపట్నాన్ని వెనక్కి తీసుకుంది, బదులుగా కెనడా తీరంలోని లూయిస్‌బర్గ్ కోటను ఫ్రాన్సుకు ఇచ్చింది. మంచు పడే ఒక కోటకూ మన ఎండలో కాగే ఒక పట్నానికీ మారకం వేసుకున్నారు. ఆ మారకంలో కర్ణాటక నవాబును అడిగినవాడు లేడు.

వాళ్ళ ఇంటికి శాంతి వచ్చినా ఇక్కడ పోరు ఆగలేదు. యూరపులో రాజులు కొట్టుకోని కాలంలో ఇక్కడ కుంపెనీలు స్థానిక వారసుల తరఫున కొట్టుకున్నాయి. 1750లో ఫ్రెంచి దండు సముద్రం మీదుగా వచ్చి మచిలీపట్నాన్ని ఆక్రమించింది. మరుసటి ఏడు ఫ్రెంచి సేనాని మార్క్విస్ ద బుస్సీ సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. గద్దెనెక్కినవాడు ఎక్కించిన సైన్యానికి జీతాలివ్వాలి. 1753లో ఆ జీతాల కింద ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. ఒకప్పుడు ఒక కుంపెనీ 500 పగోడాలు కట్టి రేవులో చోటు అడిగిన తీరంలో ఇప్పుడు ఇంకో కుంపెనీకి నాలుగు సర్కారుల శిస్తు వసూలు చేసే అధికారం వచ్చింది. నూటపాతికేళ్ళలో చేతులు తారుమారయ్యాయి.

ఈ దశలోనూ రెండు కుంపెనీలు రాజీ ప్రయత్నాలు చేశాయి. 1754 ఆరంభంలో డచ్చివాళ్ళ సద్రాసులో, తటస్థ భూమి మీద, సమావేశమై ఏమీ తేలక విడిపోయారు. అదే ఏడు ఫ్రెంచి కుంపెనీ తన పుదుచ్చేరి గవర్నరు డూప్లేను వెనక్కి పిలిచి గొదెయును పంపింది. గొదెయు, మద్రాసు గవర్నరు సాండర్స్ కలిసి తాత్కాలిక సంధి కుదుర్చుకున్నారు. స్థానిక ప్రభువుల తగాదాల్లో తలదూర్చం, చెరిసమానంగా ఉండేలా స్థావరాలు సర్దుకుందాం అన్నారు. ఆ సర్దుబాటు మాటల్లో మచిలీపట్నం, దివిసీమ కూడా ఉన్నాయి. రెండు రాజధానుల నుంచి ఆమోదం రావాలి. అది వచ్చేలోగా 1756లో ఏడేళ్ళ యుద్ధం వచ్చింది.

తర్వాతి మూడేళ్ళు తెలుగువాళ్ళకు కథలుగా తెలిసినవే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట బుస్సీ ఫిరంగుల ముందు కూలింది. బుస్సీని అక్కడికి తీసుకొచ్చింది విజయనగరం పూసపాటి విజయరామరాజు. పొరుగువాడి మీద పాత పగ తీర్చుకోవడానికి అతనికి ఫ్రెంచి ఫిరంగులు దొరికాయి, శిస్తు రాబట్టుకోవడానికి బుస్సీకి స్థానిక మిత్రుడు దొరికాడు. కోట పడ్డాక తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలో చంపాడు. ఈ కథలో మనం వీరుల పేర్లు గుర్తుపెట్టుకున్నాం. నాకు మాత్రం ఇందులో బాధ కలిగించేది ఇంకొకటి. ఇద్దరు జమీందార్లకూ ఒకే గొడుగు ఉండి ఉంటే, ఆ తగాదా దర్బారులో తీరేది. గొడుగు లేని చోట పెద్ద రాజ్యం ఫిరంగి తీర్పు చెప్పింది.

ఆ జూన్‌లోనే బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు కోఠీని పట్టుకున్నాడు. ప్లాసీ యుద్ధం జరిగిన నెల కూడా అదే. బెంగాలులో ఒకరు గెలుస్తుంటే సర్కారుల్లో ఇంకొకరు గెలుస్తున్నారు. 1758లో ఫ్రెంచి కొత్త సేనాని లాలీ బుస్సీని దక్షిణానికి రప్పించుకున్నాడు. అతని స్థానంలో కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. విజయనగరానికి వారసుడైన ఆనందగజపతిరాజు బుస్సీ చేసిన సర్దుబాట్లతో మండిపోయి ఉన్నాడు. విశాఖను తానే ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కుని, వచ్చి దీన్ని తీసుకోండని ఇంగ్లీషువాళ్ళకు కబురు పెట్టాడు. మద్రాసు తన కష్టాల్లో ఉంది. కలకత్తా నుంచి క్లైవ్ కల్నల్ ఫోర్డును 500 మంది యూరపు సైనికులతో, 2,000 మంది సిపాయిలతో ఓడల మీద పంపాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయి మచిలీపట్నం వైపు వెనుదిరిగాడు.

ఫోర్డు వెంటపడాలంటే డబ్బు కావాలి. ఇస్తానన్న ఆనందరాజు ఇవ్వడానికి వెనకాడాడు. వారాలు గడిచాయి. చివరికి 1759 మార్చిలో ఫోర్డు బందరు కోట ముందుకు చేరేసరికి సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చేశాడు. ముందు కోట, వెనక సుబేదారు. ఏప్రిల్ 7 రాత్రి, పోటు తగ్గే వేళ చూసుకుని, దాటలేరని అందరూ అనుకున్న బురద వైపునుంచీ కొందరిని పంపి, ఫోర్డు కోట మీదికెక్కాడు. కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడినవాళ్ళు పట్టుకున్నవాళ్ళ కంటే ఎక్కువ. కొద్దిరోజులకు ఫ్రెంచి ఓడలు సహాయం తెచ్చి, కోట మీద ఇంగ్లీషు జెండా చూసి వెళ్ళిపోయాయి. నెల తిరిగేసరికి, మే 14న సలాబత్ జంగ్ మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలను ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. ఇక దక్కనులో ఫ్రెంచివాళ్ళను ఉండనివ్వనని మాట ఇచ్చాడు. తన్ను గద్దెనెక్కించినవాళ్ళను బయటికి పంపించి, వాళ్ళను ఓడించినవాళ్ళ చెయ్యి పట్టుకున్నాడు. ఒక బేరగాణ్ణి వదిలించుకుంటే ఇంకొకణ్ణి మచ్చిక చేసుకోవచ్చనుకున్నాడేమో. నిజానికి ఆ రోజుతో అతని దగ్గర బేరానికి ఏమీ మిగల్లేదు. ఇక తీరాన ఆయుధం పట్టి నిలవగల బేరగాడు ఒక్కడే.

పారిస్ సంధి దీనికి ముద్ర వేసింది. ఫ్రాన్సుకు 1749 నాటి కోఠీలు తిరిగి వచ్చాయి, యానాం వాటిలో ఉంది. బుస్సీ సంపాదించిన సర్కారులు తిరిగి రాలేదు. 1765లో షా ఆలం చక్రవర్తి సర్కారులను ఇంగ్లీషు కుంపెనీకి రాసిస్తూ ఫర్మానా ఇచ్చాడు. అలహాబాదులో కుంపెనీ ఆశ్రయంలో ఉన్న చక్రవర్తి, తన చేతిలో లేని నేలను, తనకు ఆశ్రయమిచ్చినవాళ్ళకే ఇచ్చాడు. కుంపెనీ జనరల్ కైలాడ్ సైన్యంతో కొండపల్లి దాకా నడిచాడు. 1766 నవంబరు 12న హైదరాబాదులో నిజాం అలీ సంధికి ఒప్పుకున్నాడు. కాండ్రేగుల జోగిపంతులు దుబాసిగా ఈ మంతనాల్లో కీలకపాత్ర వహించాడు. ఏటా పేష్కషు కడతాం, అవసరమైతే సైన్యం పంపుతాం అని కుంపెనీ మాట ఇచ్చింది. మరుసటి ఏడే నిజాం హైదర్ అలీతో చేరి ఈ సంధిని విదిలించుకోవాలని చూశాడు. సాగలేదు. 1768లో మచిలీపట్నం సంధితో మళ్ళీ కుంపెనీ మాటకే వచ్చాడు.

చివరి అవకాశం గుంటూరు. అది నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. అతను ఫ్రెంచి దళాన్ని కొలువులో ఉంచుకున్నాడు. 1779లో మద్రాసు ప్రభుత్వం నిజాంతో చెప్పకుండా అతనితో నేరుగా ఒప్పందం చేసుకుని ఆ దళాన్ని తీసేయించింది. 1788లో గుంటూరూ కుంపెనీ పరమైంది. 1823లో నిజాంకు కట్టే పేష్కషును కూడా ఒకేసారి సొమ్మిచ్చి కొనేసుకుంది.

డచ్చివాళ్ళ సంగతి ఇంకా తేటగా ఉంటుంది. భీమునిపట్నం, కాకినాడలోని జగన్నాథపురం, పాలకొల్లు వాళ్ళ స్థావరాలు. యూరపులో ఇంగ్లండుతో యుద్ధం వచ్చినప్పుడల్లా, 1781లో ఒకసారి, 1795లో ఇంకోసారి, అవి పోయేవి. శాంతి కుదిరితే తిరిగి వచ్చేవి. 1824 మార్చి 17న లండన్‌లో రెండు రాజ్యాలు కూర్చుని శాశ్వతంగా పంచుకున్నాయి. భారతదేశంలోని డచ్చి స్థావరాలు, మలక్కా ఇంగ్లండుకు, సుమత్రాలోని బెంకూలెన్ డచ్చివాళ్ళకు. సింగపూరు మీద డచ్చివాళ్ళు అభ్యంతరం మానుకున్నారు. 1825లో భీమిలి, పాలకొల్లు చేతులు మారాయి. ఒక్క తుపాకీ పేలలేదు. మంచి సంధి అని దౌత్య చరిత్రకారులు మెచ్చుకుంటారు, యుద్ధం తప్పిందని. నిజమే, యుద్ధం తప్పడం చిన్న సంగతి కాదు. కానీ అప్పటికి పాలకొల్లులో గుడ్డ అమ్ముకునే ఇంటికి ఇంకో గుమ్మం మూసుకుపోయింది.

ఆ ఇళ్ళ గతి చూద్దాం. కుంపెనీ ఒక్కటే మిగిలాక నేతగాళ్ళకు బయానా ఇచ్చే పద్ధతి కట్టుదిట్టమైంది. కుంపెనీ బయానా తీసుకున్నవాడు ఆ బాకీ తీరేదాకా ఇంకొకరికి నెయ్యకూడదు. ధర కుంపెనీ కట్టేది, నాణ్యం కుంపెనీ తేల్చేది, తిప్పికొట్టిన గుడ్డ నష్టం నేతగాడిది. 1790ల చివర గోదావరి మండలాల్లో నేతగాళ్ళు కూడబలుక్కుని మగ్గాలు ఆపి ఎదురుతిరిగారు. పాత కాలంలో అలిగిన నేతగాడు పక్క కోఠీకి పోయేవాడు. ఇప్పుడు పక్క కోఠీ లేదు. తర్వాతి తరంలో లాంకషైర్ మిల్లు గుడ్డ వచ్చేసరికి, కాపాడమని అడగడానికి మన తరఫున రాజు కూడా లేడు.

ఇవన్నీ చెప్పాక పిల్లలు నన్ను అడిగేవారు, అయితే పెద్ద రాజ్యాలు ఎప్పుడూ కొట్టుకుంటూ ఉండటమే మనకు మేలా అని. కాదు. బొబ్బిలిలో చచ్చిపోయినవాళ్ళను గుర్తుంచుకునే ఎవరూ ఆ మాట అనలేరు. వాళ్ళు చెయ్యి కలపడం మేలా అంటే, 1619, 1748, 1824 చెబుతాయి, అదీ దానంతటది మేలు కాదని. పోటీ గోల్కొండ కాలంలో మగ్గాలకు పని తెచ్చింది, సలాబత్ జంగ్ కాలంలో ఫిరంగులు తెచ్చింది. ఆస్ట్రియా, కెనడా, జావాల కోసం కుదిరిన రాజీల్లో మన ఊళ్ళు చిల్లరగా మారాయి. రెండు సందర్భాల్లోనూ ఫలితాన్ని తేల్చింది మధ్యలో ఉన్నవాడికి సొంత బలం ఉందా, సంతకం చేసే చోట కుర్చీ ఉందా అన్నదే.

మహాశక్తుల మధ్య నలిగే చిన్న దేశాల గురించి ఇవాళ పత్రికల్లో చదువుతున్నప్పుడు, ఏ పక్షం చేరాలన్న చర్చే ఎక్కువగా కనిపిస్తుంది. సలాబత్ జంగ్ రెండు పక్షాలూ చేరి చూశాడు, విజయరామరాజు ఒకటి, ఆనందరాజు ఇంకొకటి చేరారు. ముగ్గురూ బేరం పెట్టిన తీరం చివరికి ఒకే కుంపెనీ లెక్కల పుస్తకంలోకి వెళ్ళింది. తమలో తాము కలిసి రేవుకు ఒక సుంకం, కోఠీకి ఒక హద్దు పెట్టగలిగితే వచ్చిన బేరగాడు బేరగాడుగానే ఉంటాడు. ఆ పని పొరుగువాళ్ళు పొరుగువాళ్ళతో చెయ్యాల్సింది. దాన్ని మన కోసం పారిస్‌లోనో లండన్‌లోనో ఎవరూ చేసిపెట్టలేదు, ఇకముందూ చెయ్యరు.